మనుషుల్ని లెక్కపెట్టే ఉద్యోగం

పోలీసు నియామకాల నోటిఫికేషన్ పడిందంటే దిగువ అహోబిలంలో మా ఇంటి ముందు చెప్పుల జతలు పెరుగుతాయి. ఆళ్లగడ్డ, రుద్రవరం, చాగలమర్రి వైపు నుంచి పిల్లలు బైకుల మీద వస్తారు. ఎస్ఐ పరీక్షతో పాటే డిప్యూటీ జైలర్ పోస్టు, కానిస్టేబుల్ పరీక్షతో పాటే వార్డర్ పోస్టు కలిపి ఇస్తుంటారు. అప్లికేషన్‌లో దానికి కూడా టిక్కు పెట్టాలా వద్దా అని వాళ్ల అనుమానం. "పెద్దనాయనా, జైల్లో పని యట్లుంటాది? బందోబస్తులు లేవు, కేసులు రాసేది లేదు, అంతా నీడపట్టునే కదా?" అంటారు. డిప్యూటీ జైలర్‌గా చేరి, సూపరింటెండెంట్ కుర్చీ దాకా పోయి రిటైరైనవాణ్ని కాబట్టి నా మాట మీద వాళ్లకు గురి. నీడపట్టునే అన్నమాట నిజమే. తక్కినదంతా కూర్చోబెట్టి చెప్పాల్సిందే.

ఇంగ్లీషు సినిమాల్లో సూటు వేసుకుని కనబడే వార్డెన్ జైలంతటికీ పెద్ద. మన దగ్గర ఆ కుర్చీ సూపరింటెండెంట్‌ది. ఆయన కింద అడిషనల్ సూపరింటెండెంట్లు, డిప్యూటీ సూపరింటెండెంట్లు, జైలర్లు, డిప్యూటీ జైలర్లు. ఆ కింద చీఫ్ హెడ్ వార్డర్, హెడ్ వార్డర్లు, వార్డర్లు. వార్డర్‌కు ఇంటర్ చదువు చాలు. మగవాళ్లకయితే ఎత్తు దాదాపు 168 సెంటీమీటర్లు ఉండాలి, ఊపిరి పీలిస్తే ఛాతీ 5 సెంటీమీటర్లు పెరగాలి, 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. డిప్యూటీ జైలర్‌కు డిగ్రీ కావాలి. నేరుగా పైమెట్టు మీద దిగాలంటే గ్రూప్‌-1 రాయాలి. ఆర్డీవో, డీఎస్పీ పోస్టులుండే జాబితాలోనే డిప్యూటీ సూపరింటెండెంట్ ఆఫ్ జైల్స్ అని ఒక వరస ఉంటుంది. కోరి పెట్టుకునేవాళ్లు తక్కువ, ర్యాంకు జారి వచ్చేవాళ్లు ఎక్కువ. అలా ముఖం వేలాడేసుకుని చేరినవాళ్లలో ఒకరిద్దరు బంగారంలాంటి అధికారులు కావడం కళ్లారా చూశాను. శాఖ మొత్తానికి పెద్దగా మామూలుగా ఐపీఎస్ అధికారి ఉంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో సెంట్రల్ జైళ్లు నాలుగు: రాజమహేంద్రవరం, విశాఖపట్నం, నెల్లూరు, మా కడప. మాగ్జిమమ్ సెక్యూరిటీ జైలు అని దేనికీ బోర్డు ఉండదు. పెద్ద జైలు గోడల లోపలే ఇంకో గోడ కట్టి, దాన్ని హై సెక్యూరిటీ బ్లాక్ అంటారు. అమెరికావాళ్లయితే 1994లో కొలరాడో రాష్ట్రంలోని ఫ్లోరెన్స్ దగ్గర అచ్చంగా హై సెక్యూరిటీ ఖైదీల కోసమే ఒక జైలు కట్టారు. మనిషి రోజుకు దాదాపు 23 గంటలు సిమెంటు గదిలో ఒక్కడే ఉంటాడు. అక్కడి అధికారికి ఎవర్ని ఎవరి పక్కన పెట్టాలన్న చింత లేదు, పక్కన ఎవరూ ఉండరు గనుక. నాకది చేతకాని వైద్యుడు కాలు తీసేసినట్టు అనిపిస్తుంది. మన జైళ్లలో మనుషులు మనుషుల మధ్యే ఉంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఆ పనేమిటని ఎవరినడిగినా ఖైదీ పారిపోకుండా చూడటమే అంటారు. అది రెండోది. మొదటిది, లోపలికి వచ్చినవాణ్ని ప్రాణంతో ఉంచడం. ఈ మాట సుప్రీంకోర్టు దాకా పోయి తేలింది. తేల్చిన కేసు పుట్టింది ఎక్కడో కాదు, ఇక్కడికి ఎంతో దూరం లేని కోయిలకుంట్లలో.

1977 ఏప్రిల్ ఆఖర్లో అవుకు పోలీస్ స్టేషన్ కేసులో చల్లా చిన్నప్పరెడ్డినీ, ఆయన కొడుకు చల్లా రామకృష్ణారెడ్డినీ అరెస్టు చేసి కోయిలకుంట్ల సబ్ జైల్లో పెట్టారు. ఏడో నంబరు సెల్. మే 5 రాత్రి గడిచి 6వ తేదీ తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో కొందరు జైల్లోకి జొరబడి ఆ సెల్‌లోకి బాంబులు విసిరారు. తండ్రి చనిపోయారు. కొడుకు గాయాలతో బయటపడ్డారు, తర్వాతి కాలంలో అదే కోయిలకుంట్లకు ఎమ్మెల్యే కూడా అయ్యారు. మా ప్రాణాలకు ముప్పుందని చెప్పుకున్నా చాలినంత కాపలా పెట్టలేదని ఆ కుటుంబం ప్రభుత్వం మీద 10 లక్షల రూపాయలకు దావా వేసింది. కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు 1,44,000 రూపాయలు వడ్డీతో సహా ఇవ్వమంది. ప్రభుత్వం ఊరుకోక ఢిల్లీకి పోయింది. జైళ్లు నడపడం సార్వభౌమాధికారంతో చేసే పని, అందులో పొరపాటు జరిగినా పరిహారం అడిగే హక్కు ఎవరికీ లేదన్నది దాని వాదన. 2000 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఆ వాదనను పక్కకు నెట్టింది. జైల్లో ఉన్నా మనిషి మనిషే, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కు గేటు దగ్గర వదిలిపెట్టి లోపలికి రాడు, దానికి ప్రభుత్వం పూచీ పడాల్సిందే అంది.

ఇరవై మూడేళ్లు పట్టింది ఆ తీర్పుకు. అదే కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసి, ఆయన తలను 1877 దాకా కోటగుమ్మానికి వేలాడదీసిన సర్కారును చూసిన నేల ఇది. అక్కడి నుంచి ఇక్కడికి రావడం చిన్న ప్రయాణమేమీ కాదు. వేలూరులో జైలు అధికారులకిచ్చే శిక్షణలో పిల్లలకు ఈ కేసు పేరు చెప్పేటప్పుడు ఊరి పేరు కూడా చెప్పాలని నా కోరిక. ఊరి పేరు వింటే మా సీమ పిల్లలకు అది పుస్తకంలో పాఠంలా ఉండదు.

ఫ్యాక్షన్ అన్న మాట బయటివాళ్లకు సినిమా. జైలువాళ్లకు బ్యారక్‌ల పంపకం. ఒకే ఊళ్లో రెండు పార్టీలు కొట్టుకుంటే రెండువైపుల వాళ్లూ రిమాండ్‌కు వస్తారు, వచ్చేది ఒకే జైలుకు. 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ ఎవర్ని విడిగా ఉంచాలో చెప్పింది: ఆడవాళ్లను మగవాళ్లనుంచి, శిక్ష పడనివాళ్లను పడ్డవాళ్లనుంచి, సివిల్ ఖైదీలను క్రిమినల్ ఖైదీలనుంచి, వయసులో చిన్నవాళ్లను పెద్దవాళ్లనుంచి. పగవాణ్ని పగవాడినుంచి అని అందులో లేదు. అది అధికారి బుర్రలో ఉండాలి.

నేను కొత్తగా చేరినప్పుడు ఒక హెడ్ వార్డర్ ఉండేవాడు, పదో తరగతి దాటినవాడు కాదు. ఒకరోజు లాకప్ అయిపోయాక ఎస్కార్ట్ పోలీసులు ఐదుగుర్ని తెచ్చారు. పొలం గట్టు తగాదా, ఒకే ఊరు, ఐదుగురిదీ ఒకే ఇంటిపేరు. వారెంట్లు సరిగానే ఉన్నాయి. ఒంటిమీద గాయాలు చూసి రాసుకున్నాం, పుట్టుమచ్చలు రాసుకున్నాం. ఐదుగుర్నీ రెండో బ్యారక్‌కు పంపబోతుంటే ఆయన పెన్ను జేబులో పెట్టుకుని మాటల్లోకి దిగాడు.

"ఏం రెడ్డీ, మీ అమ్మగారిది ఏ ఊరు?"

చెప్పాడు.

"నీకు పిల్లనిచ్చింది యాడ?"

చెప్పాడు. అలా నలుగురయ్యారు. ఐదోవాడు ఇరవై రెండేళ్ల పిల్లోడు. "నాకింకా కాలేదన్నా" అన్నాడు.

"అక్కా చెల్లెండ్లు లేరా? యాడికిచ్చినారు?"

పిల్లోడు ఊరి పేరు చెప్పాడు, బావ పేరు చెప్పాడు. హెడ్ వార్డర్ నా చెవిలో మెల్లగా, "ఈ పిల్లోణ్ని రెండో బ్యారక్‌కు వద్దు సార్, ఆస్పత్రి పక్క గదిలో పండబెడదాం" అన్నాడు. రెండో బ్యారక్‌లో ఉన్న ఒకడి తమ్ముణ్ని చంపిన కేసులో ఆ బావ ముద్దాయి. వారెంట్‌లో ఈ సంగతి ఎక్కడుంటుంది? పోలీసు రికార్డులో కూడా ఉండదు. పెండ్లి ఏ ఊరికి పోయిందో తెలిస్తేనే తెలుస్తుంది. ఆ ప్రశ్నలు తర్వాత నేనూ అడిగాను, నా కింద పనిచేసినవాళ్లకూ నేర్పాను. ఏ పరీక్షలోనూ వాటికి మార్కుల్లేవు.

విడదీయడం బ్యారక్‌తో అయిపోదు. ములాఖత్‌కు వచ్చే బంధువులు గేటు బయట ఎదురుపడకుండా వేళలు మార్చాలి. కోర్టు వాయిదాలు ఒకేరోజు పడితే వ్యాన్లు వేరు చేయమని పోలీసులకు ముందే రాయాలి. ఆస్పత్రికి పంపితే ఎవరికీ తెలియకుండా పంపాలి. అసలు కలిసి ఉండనే కూడదనుకుంటే ఒకవైపు వాళ్లను ఇంకో జైలుకు మార్చమని పైకి రాయాలి. బలమైన శత్రువులున్నవాడి సంగతి మరీ కష్టం. నలుగురిలో ఉంచితే ఒక భయం, ఒకరిద్దరితో ఉంచితే ఇంకో భయం. పరిటాల రవి హత్యకేసులో ముఖ్య ముద్దాయి మొద్దు శీను 2008 నవంబరులో అనంతపురం జైల్లో హతమైంది బయటి శత్రువుల చేతిలో కాదు, తనతోపాటు ఉన్న ఖైదీ చేతిలో. ఆ వార్త విన్న రాత్రి రాష్ట్రంలో ఎంతమంది జైలర్లు మంచం దిగి బ్యారక్‌ల చుట్టూ తిరిగి వచ్చి ఉంటారో నేను ఊహించగలను.

ఖైదీ ఊచలు లెక్కపెడతాడంటారు జనం. మేం ఖైదీల్ని లెక్కపెడతాం. సాయంత్రం లాకప్ వేళ ఇద్దరిద్దర్ని వరసలో కూర్చోబెట్టి, వార్డర్ ఒకసారి, హెడ్ వార్డర్ ఒకసారి లెక్కవేసి తాళం వేస్తారు. పొద్దున ఉన్న సంఖ్యకు కొత్తగా వచ్చినవాళ్లను కలిపి, విడుదలైనవాళ్లను తీసేసి, కోర్టుకు పోయినవాళ్లనూ ఆస్పత్రిలో ఉన్నవాళ్లనూ సరిచూస్తే లాకప్ రిపోర్టు తేలాలి. ఒక్క తల తేడా వచ్చినా అధికారి గేటు దాటడానికి లేదు. తొంభై తొమ్మిదిసార్లు అది వంటగదిలోనో మరుగుదొడ్లోనో ఉండిపోయినవాడి లెక్క. నూరోసారి కోసమే రోజూ ఆ తతంగం.

మా అహోబిలంలో పుట్టినవాడికి ఆ లాకప్ వేళ గురించి వేరే చెప్పక్కర్లేదు. పగలూ కాదు రాత్రీ కాదు, లోపలా కాదు బయటా కాదు అన్న చోటే కదా మా స్వామి స్తంభం చీల్చుకుని వచ్చింది! జైల్లోనూ అసురసంధ్యే గండం. పగటి డ్యూటీవాళ్లు దిగుతుంటారు, రాత్రి డ్యూటీవాళ్లు ఎక్కుతుంటారు, ఇద్దరి కళ్లూ ఇంటిమీదో గడియారం మీదో ఉంటాయి. ఇక గడప సంగతి. పెద్ద జైలుకు ఒకదాని వెనక ఒకటి రెండు గేట్లుంటాయి. ఒకటి మూసి తాళం పడ్డాకే రెండోది తెరవాలి. మధ్యలో ఉన్నవాడు ఎవరైనా సరే, మంత్రి అయినా కూరగాయల కాంట్రాక్టర్ అయినా, ఆ క్షణాన గేట్‌కీపర్ చేతిలో ఉన్నట్టే. లోపలికి పోయేదేదైనా, బయటికి వచ్చేదేదైనా తనిఖీ చేసే అధికారం చట్టమే గేట్‌కీపర్‌కు ఇచ్చింది. అధికారుల భోజనం క్యారియర్ కూడా మూత తీసి చూపించాలి. సూపరింటెండెంట్ తన క్యారియర్ తనే ముందుగా చాపితే కింది జవాన్లకు వేరే సర్క్యులర్ అక్కర్లేదు.

జైలు గోడను లోపలి డబ్బు కూలదోసినంత సులువుగా గునపం కూలదోయలేదు. ప్రిజన్స్ యాక్ట్ తొమ్మిదో సెక్షన్ ఈ సంగతి ఎరిగే రాశారు: జైలు ఉద్యోగి ఖైదీకి ఏదీ అమ్మరాదు, అతనితో డబ్బు లావాదేవీ ఏదీ పెట్టుకోరాదు. 1986 మార్చిలో చార్లెస్ శోభరాజ్ తిహార్ జైలు నుంచి బయటపడింది గోడ దూకి కాదు. పుట్టినరోజని మత్తుమందు కలిపిన మిఠాయిలు కాపలావాళ్లకు పంచి నడుచుకుంటూ పోయాడు. ఖైదీ చేతి మిఠాయి తినేంత చనువు అంతకుముందు ఎన్నాళ్ల నుంచి పెరిగిందో చూడండి. నిషేధించిన వస్తువు చేరవేస్తే ఆరు నెలల జైలో, 200 రూపాయల జరిమానాయో అని 1894లో రాశారు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. ఇవాళ జైల్లో ఒక్క సెల్‌ఫోన్ చేసే చేటు ముందు అది నవ్వులాట. అందుకే 2023లో కేంద్రం తయారుచేసిన నమూనా జైళ్ల చట్టంలో సెల్‌ఫోన్ సంగతి విడిగా చేర్చారు. జైళ్లు రాష్ట్రాల జాబితాలోనివి కాబట్టి దాన్ని ఆమోదించుకోవాల్సింది రాష్ట్రాలే.

తుపాకీ గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. తుపాకీ వాచ్‌టవర్ మీద ఉంటుంది, గోడ బయట ఉంటుంది. లోపల ఖైదీల మధ్య తిరిగే వార్డర్ చేతిలో లాఠీ మాత్రమే. వందమంది మధ్యకు తుపాకీ తీసుకుపోతే అది ఎవరి తుపాకీ అవుతుందో చెప్పలేం. అమెరికాలో ఆల్కట్రాజ్ దీవి జైలు 1934లో తెరిచినప్పుడు జేమ్స్ జాన్‌స్టన్ అనే ఆయన్ను మొదటి పెద్దగా వేశారు. దేశంలోకెల్లా మొండి ఖైదీలున్న జైలు అది. ఆయన ఆయుధం లేకుండా భోజనశాలలోకి పోయేవాడు. 1937లో ఒక ఖైదీ మీదపడి స్పృహ తప్పేట్టు కొట్టాడు. కోలుకుని మళ్లీ వచ్చి 1948 దాకా అదే కుర్చీలో ఉన్నాడు. ధైర్యం అంటే అంతేనని ఒకప్పుడు నాకూ అనిపించేది. ఆ ఖైదీ ఆ వారమంతా ఎలా ఉన్నాడో గమనించిన కాపలావాడు ఒక్కడూ లేకపోయాడా అన్నది ఇప్పుడు నాకు కలిగే సందేహం.

గమనించడానికే వారం వారం పరేడ్. ఖైదీలు తమ వివరాలుండే హిస్టరీ టికెట్ చేత్తో పట్టుకుని వరసగా నిలబడతారు. సూపరింటెండెంట్ ఒక్కొక్కరి ముందు ఆగాలి. పెరోల్ దరఖాస్తు ఏమైందని ఒకడు, లాయర్ రాలేదని ఇంకొకడు, అమ్మకు బాగాలేదని ఉత్తరం వచ్చిందని మరొకడు. ఏమీ అడగనివాడి దగ్గరే ఎక్కువసేపు ఆగాలని మా పెద్దలు చెప్పేవారు. అన్నం మానేసినవాడు, ములాఖత్‌కు ఎవరూ రానివాడు, ఉన్నట్టుండి తన దుప్పటి పక్కవాడికి ఇచ్చేసినవాడు: వీళ్లను కనిపెట్టుకుని ఉండాలి. శిక్ష పేరుతో ఒకణ్ని ఒంటరి గదిలో వేసి మరిచిపోయే వీలు కూడా లేదు. గదిలోంచి ఎప్పుడు పిలిచినా ఉద్యోగికి తెలిసే ఏర్పాటుండాలనీ, 24 గంటలు దాటి ఉంచితే రోజూ డాక్టర్ చూడాలనీ 1894లోనే రాసి ఉంది. 1978లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు ఒంటరి నిర్బంధం మీద ఇంకా గట్టి కట్టడి పెట్టింది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలు వరసగా 15 రోజులు మించకూడదన్నాయి.

ఆ మండేలా నియమాల్లోనే జైలు పెద్దకు ఉండాల్సిన అర్హతలూ ఉన్నాయి. మంచి నడవడి, పాలనా సామర్థ్యం, తగిన శిక్షణ, అనుభవం. పూర్తికాలం ఆ పనే చేయాలి, జైలు ఆవరణలోనో పక్కనో కాపురముండాలి. ఆడవాళ్ల జైలు ఆడ అధికారి చేతిలోనే ఉండాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది, ఖైదీల్లో ఎక్కువమంది మాట్లాడే భాష జైలు పెద్దకు వచ్చి ఉండాలన్నది. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో పత్రికలో రాసిన రాతకు మూడేళ్ల శిక్ష పడి వేలూరు జైల్లో ఉన్నారు. తెలుగువాడికి అరవ జైలు. దొంగలతో సమానంగా చూశారాయన్ను. బయటికొచ్చాక ఊరూరా గ్రంథాలయాలు పెట్టించే ఉద్యమంలో పడ్డారు. ఇప్పుడు అదే వేలూరులో 1979 నుంచి జైలు అధికారుల అకాడమీ నడుస్తోంది. దక్షిణాది రాష్ట్రాల డిప్యూటీ జైలర్లు తొమ్మిది నెలలు అక్కడ చదువుకుంటారు: చట్టం, మనస్తత్వశాస్త్రం, నేరశాస్త్రం, లాఠీ, పరుగు, జైలు లెక్కలు. రోజుకు పదిసార్లు ఖైదీ ముఖం చూసే వార్డర్‌కు మాత్రం అంత చదువు దక్కదు. అది తలకిందుల వ్యవహారమని సర్వీసులో ఉన్నప్పుడే అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఇంకో సంగతి. పాత జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి వంట ఒకరికి, పాకీపని ఒకరికి అన్న రాతలు ఉండేవి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ రాతలన్నిటినీ కొట్టేసింది, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. ఊరు అడగండి, చుట్టరికం అడగండి, పగ అడగండి. ప్రాణం కాపాడటానికి అవి కావాలి. పని పంచడానికి కులం అక్కర్లేదు. కడప జైలు పెట్రోల్ బంకులో మీ బండికి పెట్రోలు పోసిన ఖైదీది ఏ కులమో మీరు అడిగారా?

ఇది చదివే ఇళ్లలో ఎవరికైనా జైల్లో మనిషి ఉండొచ్చు. సీమలో అది సిగ్గుపడి దాచుకునేంత అరుదేమీ కాదు. లోపల ఫలానావాళ్ల వల్ల ముప్పుందని మీకు తెలిస్తే ములాఖత్‌లో గుసగుసలాడి రావద్దు, ఎవరో నాయకుడి చేత ఫోన్ చేయించి ఊరుకోవద్దు. తెల్లకాగితం మీద పేర్లతో సహా రాసి సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. అందినట్టు ముద్ర వేయించుకుని నకలు దగ్గర పెట్టుకోండి. ఇంకో నకలు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఇవ్వండి, అది జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. లాయర్ ఫీజు పెట్టుకోలేకపోతే 15100కు ఫోన్ చేయండి. కాగితం చేతికి అందాక ఏ జైలు అధికారీ నాకు తెలియదనలేడు.